దిగేదానికి మెట్లున్నాయి, ఎక్కేదానికి లేవు

సినిమా చరిత్ర రాసినోళ్ళనూ, దాని మీద సెమినార్లు పెట్టేవాళ్ళనూ నేనొక మాట అడగాలనుకుంటున్నాను. రాజు కాటికాపరి వేషం కడితే కండ్లనీళ్ళు పెట్టుకున్న జనం, గడ్డి కోసుకునే ఆడమనిషి పెద్దింటి స్త్రీ వేషం కడితే రాళ్ళెందుకు ఎత్తుకున్నారు?

1913లో ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’తో మన దేశంలో కథాచిత్రాలు మొదలైనాయని పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ కథ మా వాడలో పసిపిల్లోళ్ళకు కూడా తెలుసు. మహారాజు రాజ్యం పోగొట్టుకుంటాడు. పెండ్లాం బిడ్డలను అమ్ముకుంటాడు. ఆఖరికి చండాలుడైన వీరబాహునికి తానే అమ్ముడుపోయి కాటికి కాపలా కాస్తాడు. అంటే మన తెర మీద నడిచిన మొదటి పెద్ద కథే పైనుంచి కిందికి దిగిన మనిషి కథ. దిగినందుకు ఆయనకు సత్యసంధుడని పేరొచ్చింది. ఆ సినిమాలో రాణి తారామతి వేషానికి ఆడమనిషి దొరక్క సాళుంకే అనే మగమనిషికి చీర కట్టినారు. వేషాలేయడం నీచమని మర్యాదస్తుల ఆడవాళ్ళెవరూ రాలేదు. అదే సంవత్సరం ‘మోహినీ భస్మాసుర్’లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించి ఆ అడ్డం తీసేసినారు. ఆ తర్వాత తెర మీదికి యూదులొచ్చినారు, ఆంగ్లో ఇండియన్లొచ్చినారు, ముస్లిం స్త్రీలొచ్చినారు. తెలుగువాళ్ళ మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగ వేషం కట్టింది కూడా తెల్లమ్మాయే.

వేషాలేయడం నీచమైన పని అయితే, ఆ పని మాకే రావల్ల కదా? ఊర్లో నీచమని పేరు పెట్టిన పనులన్నీ మాకే ఇచ్చినారు. చచ్చిన గొడ్డును మోసేది మేము, కాటి పని చేసేది మేము, పాకీపని చేసేది మేము. మరి ఈ ఒక్క నీచమైన పని కాడికి మేము పోతే ఎందుకు తరిమినారు?

ఆ తరిమిన కథ తిరువనంతపురంలో జరిగింది. ఆమె పేరు పి.కె. రోసీ. మొదటి పేరు రాజమ్మ. 1903లో పుట్టింది. కులం పులయ. పులయలంటే వాళ్ళ దేశంలో వరిమళ్ళలో చాకిరీ చేసే అంటరాని కూలీలు. నాయరు ఎదురొస్తే గట్టు దిగి బురదలో నిలబడాల్సిన మనుషులు. రోసీ గడ్డి కోసి అమ్ముకుని బతికేది. మా కడప జిల్లాలో అయితే ‘కసువు కోసేది’ అంటాము. ఆ పని చేస్తానే ఆమె కాక్కారిశ్శి అనే వీధి నాటకంలో వేషం కట్టేది. మంచి నటి అని పేరుండేది.

జె.సి. డేనియల్ అనే నాడార్ క్రైస్తవుడు, పండ్ల డాక్టరు, తన భూమి అమ్మి ట్రావెన్‌కూర్ నేషనల్ పిక్చర్స్ అని పెట్టి ‘విగతకుమారన్’ అనే మూకీ తీసినాడు. తప్పిపోయిన కొడుకు అని దానర్థం. మలయాళంలో అదే మొదటి సినిమా. అందులో నాయిక సరోజిని నాయర్ స్త్రీ. ఆ వేషం రోసీ వేసింది. సినిమా క్యాపిటల్ థియేటర్లో విడుదలయింది. 1928 నవంబరు 7 అని చాలాకాలం రాసుకున్నారు, 1930 అక్టోబరు 23 అని తర్వాత పరిశోధన చేసినవాళ్ళు చెబుతున్నారు. ఆమె వస్తే మేము రామని పెద్దమనుషులన్నందుకు ఆ ఆటకు ఆమెనే రావద్దన్నారని ఈ కథ రాసినవాళ్ళు రాసినారు. తాను నటించిన సినిమాకు తానే అంటరానిదైంది. తెర మీద డేనియలే కథానాయకుడు. ఆయన సరోజిని తలలోని పువ్వును ముద్దు పెట్టుకుంటాడు. ఆ బొమ్మ కనబడగానే నాయర్ పెద్దలు లేచినారు. రాళ్ళు పడినాయి. తెర చినిగింది. తర్వాత ఆమె ఇంటికి నిప్పు పెట్టినారు. రోసీ లారీ ఎక్కి తమిళ దేశానికి పారిపోయింది. అదే ఆమె మొదటి సినిమా, అదే ఆఖరు సినిమా. ఆ సినిమా ప్రింటు ఈరోజు లేదు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఒక మాట అంటారు. ‘అప్పటి జనం అజ్ఞానులు, తెర మీది బొమ్మకూ నిజం మనిషికీ తేడా తెలియదు’ అని. నేను ఈ మాట ఒప్పుకోను. వాళ్ళకు తేడా బాగా తెలుసు. హరిశ్చంద్రుడు కాటికాపరి అయితే, ఆ వేషం కట్టినాయన్ను ఎవరైనా అంటరానివాడని గుడి బయట నిలబెట్టినారా? ఆయన కిందికి దిగింది వేషమే అని తెలుసు. నాటకం అయిపోయినాక ఆయన మళ్ళీ తన మెట్టు మీదికి పోతాడని తెలుసు. రోసీ విషయంలో మాత్రం వేషం వేషంగా కనబడలేదు. ఎందుకంటే ఆమె ఎక్కింది. దిగేదానికి మెట్లున్నాయి, ఎక్కేదానికి లేవు. ఇది అజ్ఞానం కాదు. ఇది లెక్క తెలిసినోళ్ళ పని.

ఆ లెక్క ఎట్లాంటిదో ఆ దేశం చరిత్ర చూస్తే తెలుస్తుంది. అక్కడ బట్ట కూడా కులమే. డేనియల్ కులమైన నాడార్లలో ఆడవాళ్ళు రొమ్ము మీద గుడ్డ కప్పుకునేదానికి దశాబ్దాలు కొట్లాడితే 1859లో గానీ రాజు హుకుం రాలేదు. 1893లో అయ్యంకాళి, ఆయన పులయ, ఎద్దులబండి కొని రాజవీధిలో తోలితే కొట్టేదానికొచ్చినారు. పులయ ఆడవాళ్ళ మెడలో కులం గుర్తుగా రాతిపూసల దండలుండేవి. 1915లో పెరినాడులో అయ్యంకాళి పిలుపు మీద ఆ దండలు తెంపి కుప్ప పోసినారు. అది జరిగి 15 ఏండ్లు కూడా కాకముందే ఒక పులయ ఆడది నాయర్ స్త్రీ కట్టు కట్టి, నాయర్ స్త్రీ నగ పెట్టి, ఊరంత తెర మీద నిలబడింది. వాళ్ళు రాయి ఎత్తింది బొమ్మను చూసి కాదు, ఆ కట్టూబొట్టూ చూసి.

ఇంకొక సంగతి ఎవరూ పట్టించుకోరు. అది మూకీ. అందులో మాట లేదు. ‘దీని మాట మోటు, యాస బాగాలేదు, ఉచ్చారణ రాదు’ అనేదానికి వీలే లేదు. మామూలుగా మమ్మల్ని పక్కకు నెట్టేదానికి వాడే సాకులన్నీ ఆ సినిమాలో పనికిరావు. మిగిలింది ముఖం, ఒళ్ళు, నడక. ఆ మూడూ నాయర్ స్త్రీవి కావని ఏ ఒక్కరూ తెర మీద చూసి చెప్పలేకపోయినారు. ఆమె ఎవరో ముందే తెలిసి వచ్చినారు కాబట్టే రాళ్ళు. తెలియకుండా చూసుంటే చప్పట్లు కొట్టి ఇంటికి పోయుండేవాళ్ళు.

నేను ఇదంతా పుస్తకం చదివి మాత్రమే చెప్పలేదు. నాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. పెన్నకు ఇవతల. మా అమ్మ కసువు కోసేది. పొద్దన్నే కొడవలి, తాడు తీసుకుని గట్లెంబడి పోయి, మోపు కట్టుకొచ్చి రెడ్ల దొడ్లో వేసేది. మా వాడలో సగం మంది మిషను మనుషులు. రోజమ్మలు, సారమ్మలు, రాహేలమ్మలు. జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టిన లండన్ మిషనే తిరువాన్కూరు దక్షిణాన నాగర్‌కోయిలు, నెయ్యూరు ప్రాంతంలో కూడా పని చేసింది. అందుకే రోసీ అనే పేరు నాకు పరాయి దేశం పేరులాగా వినపడలేదు. మా పక్కింటి పెద్దమ్మ పేరులాగా వినపడింది.

మా నాయిన రెక్కల కష్టం చేసి వచ్చి కూడా రాత్రి నాటకమంటే పరిగెత్తేవాడు. ఊర్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే మావాళ్ళు జనానికి ఎనక, దూరంగా దిబ్బ మీద కూర్చుని చూడల్ల. ఆడినుంచే ఆయన పద్యాలన్నీ పట్టుకున్నాడు. కాటిసీనులో పాడే జాషువా పద్యాలంటే ఆయనకు ప్రాణం. ఆ పద్యాలు రాసినాయన మనోడే అని నేను పెద్ద చదువులకు పోయినాక చెప్తే, మా నాయిన శానాసేపు మాట్లాడలేదు. “మనోడు రాస్తే వాళ్ళు పాడతాండారా?” అన్నాడు. అంతే అన్నాడు.

ఆ పద్యాలు నాకు నాయిన నేర్పినాడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు వార్షికోత్సవానికి హరిశ్చంద్రలో ఒక అంకం వేస్తామన్నారు. చంద్రమతి పద్యాలు బడిలో నాకు తప్ప ఎవరికీ పూర్తిగా రావు. నేను చెయ్యెత్తినాను. నాటకం నేర్పే అయ్యవారు నన్ను పైనుంచి కిందికి చూసి, “నీది మోటు యాస, చంద్రమతికి పనికిరాదు” అన్నాడు. వేషం ఇంకో అమ్మాయికిచ్చినారు. ఆ అమ్మాయి తెల్లగా ఉంటుంది, మంచిపిల్ల, దానిమీద నాకు కోపం లేదు. కానీ ఆ అమ్మాయికి పద్యం నిలవదు. నాటకం రోజు నన్ను తెర ఎనక నిలబెట్టి పద్యం అందించమన్నారు. నేను అందిస్తాంటే ఆ అమ్మాయి పాడింది. ప్రైజు కూడా వచ్చింది.

యాస మోటుదైతే పద్యం అందించేదానికి ఎట్లా పనికొచ్చింది? మూకీలో రోసీకి గొంతు లేదు, ముఖం ఉంది, ముఖం పనికిరాదన్నారు. మా బడి నాటకంలో నా గొంతు పనికొచ్చింది, ముఖం పనికిరాలేదు. టాకీ వచ్చినాక సాకు మారింది గానీ సంగతి మారలేదు. ఇప్పుడు కూడా రాయలసీమ యాస మాట్లాడేవాడు తెలుగు సినిమాలో బాంబులు వేసేవాడన్నా కావల్ల, నవ్వించేవాడన్నా కావల్ల. ఇక మాలమాదిగ వాడల మాట సంగతి చెప్పేదేముంది?

ఈ వాదానికి ఒక జవాబు చెప్తారు. ‘ఎందుకమ్మా అట్లంటావు, 1938లోనే ‘మాలపిల్ల’ తీసినాం కదా’ అంటారు. తీసినారు. గూడవల్లి రామబ్రహ్మం తీసినాడు. కథ చలం రాసినాడు. అంటరానితనం తప్పని ఆ రోజుల్లో అంత గట్టిగా చెప్పడం చిన్న పని కాదు. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మాలపిల్ల శంపాలతగా వేసింది కాంచనమాల. ఆమె మాలపల్లెలో పుట్టిన మనిషి కాదు. ఆమె ఇంటిమీద ఎవరూ రాళ్ళెయ్యలేదు. ఆంధ్రదేశమంతా ఆమె అందాన్ని పొగిడింది. బ్రాహ్మణ పిల్లోడి వెంట కలకత్తా పోయి చదువుకుని, నాగరికం నేర్చుకున్నాక శంపాలత అందరికీ నచ్చుతుంది. రోసీ కింద నుంచి పైకి వేషం వేసిన కొన్నేండ్లకే, పై నుంచి కింది వేషం వేసిన ఆమె మహానటి అయింది. రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి చూడండి, నేను చెప్పే మెట్ల లెక్క కనబడుతుంది.

మా జేజి ‘మాలపిల్ల’ను డేరా టాకీసులో చూసిందంట. నాకు చిన్నప్పుడు చెప్పేది. “అందరూ ఏడుస్తాండారు. నేను ఆ పిల్ల చేతులు చూస్తాండా. అవి కసువు కోసిన చేతులేనా మే? ఒక్క గాటన్నా ల్యా” అనేది. ఏ పత్రికలోనూ ఇంతకంటే మంచి సినిమా విమర్శ నేను చదవలేదు.

మా జిల్లా సినిమాకు దూరమైన జిల్లా కాదు. 1885లో మా కడప జిల్లా సురభి గ్రామంలోనే వనారస గోవిందరావు ‘కీచకవధ’ వేయించినాడు. సురభి నాటక సమాజాలు ఆడనే పుట్టినాయి. ఆ కుటుంబాల్లో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే కట్టినారు. ఆ సురభి నుంచి పోయిన కమలాబాయి 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది. 1936లో ‘శశిరేఖా పరిణయం’తో తెరకెక్కిన శాంతకుమారి మా ప్రొద్దుటూరు ప్రాంతం మనిషి. బి.ఎన్. రెడ్డిది పులివెందుల తాలూకా. ఆయనకూ, ఆయన తమ్ముడు నాగిరెడ్డికీ ఇద్దరికీ ఫాల్కే అవార్డులొచ్చినాయి. పద్మనాభం పులివెందుల తాలూకా సింహాద్రిపురం నుంచి పోయినాడు. వీళ్ళ గొప్పతనాన్ని నేను కాదనడం లేదు. మా జిల్లావాళ్ళని చెప్పుకుని నేనూ సంతోషపడతాను. కానీ లెక్క అడుగుతాను. ఇంత పంట పండిన ఈ నేల మీద, ఈ మూడు తాలూకాల్లోని మాలమాదిగ వాడల నుంచి నాయిక వేషం కట్టిన ఒక్క ఆడబిడ్డ పేరు చెప్పండి. మా వాడల్లో చెక్కభజన లేదా, కోలాటం లేదా, పాట లేదా? తెల్లారేవరకు గొంతు తగ్గకుండా పాడే ఆడవాళ్ళు లేరా? నిజామాబాదు జిల్లాలో చిందు ఎల్లమ్మ అనే దళిత స్త్రీ జీవితమంతా చిందు భాగవతం ఆడింది, మగ వేషాలు కూడా కట్టింది. ఆమె 2005లో పోయేదాకా ఎన్ని సినిమాలు తీసినారు మీరు? ఎన్నిటికి ఆమెను పిలిచినారు?

తెర మీదనే కాదు, తెర ముందర కూడా మెట్లే. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో గొడవ యాడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న దళిత పిల్లోని కాలు ముందు కూర్చున్న రెడ్ల పిల్లోనికి తగిలిందనే మాట మీద. ఆ మాట సాంఘిక బహిష్కారం దాకా పోయింది. ఆగస్టు 6న 8 మంది దళితులను తరిమి తరిమి నరికినారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. క్యాపిటల్ థియేటర్ నుంచి చుండూరు సినిమా హాలు దాకా 60 ఏండ్లు గడిచినాయి. తెర మీద మన ముఖం పైకి పోకూడదు, తెర ముందర మన కాలు ముందుకు పోకూడదు. సినిమా హాలు అందరినీ ఒక్క చోట కూర్చోబెట్టి కులాన్ని పోగొట్టిందని రాసే మేధావులు ఒకసారి చుండూరు పోయి రావల్ల.

ఇప్పుడు రోసీ మిగతా బతుకు సంగతికి వస్తాను. ఇక్కడ నాకు మనవాళ్ళతోనే పేచీ ఉంది.

లారీ ఎక్కి పోయిన రోసీ ఆ లారీ నడిపిన కేశవ పిళ్ళైని పెండ్లి చేసుకుంది. ఆయన నాయర్. నాగర్‌కోయిల్లో రాజమ్మాళ్ అనే పేరుతో బతికింది. తాను రోసీనని, సినిమాలో చేసినానని బయట చెప్పుకోలేదు. పిల్లలు నాయర్ల పిల్లలుగా పెరిగినారు. 1980ల చివర్లో పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక సభలో మన ఉద్యమం తమ్ముడొకాయన లేచి, “ఆయమ్మ నిలబడి కొట్లాడల్సింది అక్కా, కులం దాచిపెట్టుకుని బతకడం లొంగిపోవడం కాదా?” అన్నాడు.

ఆ తమ్మునికి ఆరోజు చెప్పిందే ఇక్కడా చెబుతాను. నేను ప్రొద్దుటూర్లో డిగ్రీ చదివేటప్పుడు గది కోసం తిరిగినాను. ఉద్యోగం వచ్చి పులివెందులకు పోయినాక ఇంటి కోసం తిరిగినాను. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు, బంగారం, పత్తి వ్యాపారం అంత పెద్దది. అంత పెద్ద ఊర్లో కూడా ఇల్లుగలామె మొదట అడిగేది బాడుగ సంగతి కాదు. “మీరేమిటోళ్ళు?” అని. చెప్తే ఇల్లు లేదంటారు. చెప్పకపోతే రోజూ భయం. మా అమ్మ చూసేదానికి వస్తే ఆమె మాట విని పట్టేస్తారేమోనని భయం. పండగనాడు ఏం వండుతున్నామో వాసన పోతుందేమోనని భయం. నాతో పాటు పని చేసిన ఒకామె పదేండ్లు అట్లనే బతికింది. ఆమె పేరు నేను ఎప్పటికీ చెప్పను. కులం చెప్పి గది పోగొట్టుకున్నది నేను. చెప్పకుండా పిల్లలను చదివించుకున్నది ఆమె. ఇద్దరిలో ఎవరు లొంగినారో నిర్ణయించే హక్కు, ఇల్లు అడగాల్సిన అవసరం రాని మగోళ్ళకు లేదు.

ఇంకో పక్క నుంచి చూడండి. తెర మీద కాసేపు నాయర్ స్త్రీగా కనబడినందుకు రోసీ ఇల్లు కాల్చినారు. ఆమె ఆ తర్వాత 50 ఏండ్లకు పైగా నాయర్ ఇంటి ఇల్లాలుగా బతికి చూపించింది. ఒక్కరన్నా పట్టుకోగలిగినారా? నడకలో, కట్టులో, మాటలో, ‘ఇది పులయ ఆడది’ అని ఎవరైనా వేలు పెట్టి చూపించగలిగినారా? వాళ్ళు పుట్టుకతో వస్తుందని చెప్పుకునేదంతా నేర్చుకుంటే వచ్చేదేనని ఆమె తన బతుకుతో రుజువు చేసింది. కానీ దానికి ఆమె కట్టిన వెల ఏంది? తన పేరు. తన మనుషులు. తన ఆట. తన కడుపున పుట్టినవాళ్ళకు కూడా తాను ఎవరో చెప్పుకోలేని మూగతనం. సినిమా మూకీ నుంచి టాకీకి మారింది. రోసీ మాత్రం మూకీలోనే ఉండిపోయింది. ఈ వెల ఆమె చేత కట్టించుకున్నవాళ్ళను వదిలేసి, కట్టిన ఆమెను తప్పు పడతారా?

ఇక ఆమెను ఇప్పుడు తలుచుకుంటున్న తీరు చూద్దాం. డేనియల్ పోయినాక ఆయనను మలయాళ సినిమాకు తండ్రి అన్నారు. 1992 నుంచి కేరళ ప్రభుత్వం ఆయన పేరు మీద పెద్ద అవార్డు ఇస్తోంది. డేనియల్ కూడా నష్టపోయిన మనిషే, అన్నీ అమ్ముకుని పేదవాడై 1975లో పోయినాడు. ఆయనకు మర్యాద దక్కడం న్యాయమే. కానీ తండ్రి దొరికిన ఆ సినిమాకు మొదటి నటి ఎవరో వెతికే పని కున్నుకుళి ఎస్. మణి లాంటి దళిత రచయిత నెత్తిన వేసుకోవాల్సి వచ్చింది. ఆయన ఏండ్ల తరబడి తిరిగి, అడిగి, రాసినాడు. 2013లో ‘సెల్యులాయిడ్’ అనే సినిమా వచ్చినాక రోసీ పేరు దేశానికి తెలిసింది. ఆ సినిమా కూడా డేనియల్ కథే. రోసీ ఆయన కథలో మనల్ని ఏడిపించి పోయే పాత్ర. 2019లో కేరళ సినిమా స్త్రీలు ఆమె పేరుతో ఫిల్మ్ సొసైటీ పెట్టినారు. చెన్నైలో పా. రంజిత్ నీలం వాళ్ళు ఆమె పేరుతో సినిమా పండగ జరిపినారు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ ఆమె పుట్టినరోజని బొమ్మ వేసింది. అదీ ఊహించి వేసిన బొమ్మే. రోసీదేనని గట్టిగా చెప్పగలిగే ఫోటో కూడా మిగలనీయలేదు.

ఇవన్నీ మంచి పనులే. కానీ దండ వేసి ఇంటికి పోతే రోసీకి న్యాయం జరిగినట్టు కాదు. ఆమె ఒక హక్కు అడిగింది. తనది కాని బతుకును తెర మీద బతికే హక్కు. నటన అంటే అదే కదా? రాజు బిచ్చగాడు కావడం, బిచ్చగాడు రాజు కావడం. అగ్రకులాల నటులకు ఆ రెండూ ఉన్నాయి. మనకు మాత్రం మన బతుకునే వేషం కట్టి చూపించే వీలు, అదీ అప్పుడప్పుడు, ఇస్తున్నారు. కూలి వేషం, పనిమనిషి వేషం, చెరచబడిన ఆడదాని వేషం. ఈమధ్య దళితుల కథలు సినిమాల్లో వస్తున్నాయని మనం సంబరపడుతున్నాం. పడదాం. కానీ దళిత నటి డాక్టరుగా, కలెక్టరుగా, రెడ్ల ఇంటి కోడలుగా, బ్రాహ్మణ ఇల్లాలుగా, మామూలు ప్రేమకథలో మామూలు అమ్మాయిగా, కులం ఊసే లేకుండా కనబడేదాకా క్యాపిటల్ థియేటర్లో పడిన రాళ్ళు ఆగినట్టు కాదు. ఇప్పుడు ఆ రాళ్ళు తెర మీద పడడం లేదు. వేషాలు పంచే గదిలోనే, మన ఫోటో పక్కకు తీసిపెట్టే కాడనే పడుతున్నాయి.

ఇది చదువుతున్న విద్యార్థులకు రెండు పనులు చెబుతాను. మీ వాడల్లో పాడిన, ఆడిన, వేషం కట్టిన ముసలమ్మలు ఇంకా కొందరున్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో పోయి వాళ్ళ పేర్లు రాసుకోండి, పాటలు రికార్డు చేసుకోండి, ఫోటో తీసుకోండి. రోసీకి ఫోటో లేని గతి మన జేజిలకు పట్టనీయొద్దు. రెండోది. మీ కాలేజీలో వార్షికోత్సవానికి నాటకం వేస్తారు. రాణి వేషం ఎవరికిచ్చినారో, తెర ఎనక ఎవరిని నిలబెట్టినారో చూడండి. తెర ఎనక మన పిల్ల నిలబడి ఉంటే, నాటకం ఆపించి అడగండి.